గాలివాన కథకుడు పద్మరాజు

పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురంలో 1915లో జన్మించిన పాలగుమ్మి పద్మరాజుగారు వృత్తిచేత సైన్సు అధ్యాపకులు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో పాఠాలు చెబుతూనే కథలు వ్రాశారు. ఎం.ఎన్.రాయ్ ప్రబోధించిన మానవవాదం ఆయనను ఆకర్షించింది. లోహాన్ని నిప్పులో పెట్టి పరీక్షించినట్లు మనిషిని ఆపదలో పెట్టి పరీక్షించడం ఆయన కథాపద్ధతి.

1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ఆయన ‘గాలివాన’కు ద్వితీయ బహుమతి లభించింది. ఆ కథలోని రావుగారు నియమబద్ధుడైన ప్లీడరు. ఉపన్యాసమివ్వడానికి రైలులో పోతూ ఒక బిచ్చగత్తెను చూచి అసహ్యించుకుంటారు. ఆ రాత్రి తుపాను విరుచుకుపడుతుంది. చిన్న స్టేషనులో చిక్కుకున్న ఆయనకు చదువూ, హోదా, నీతిసూత్రాలూ అక్కరకు రావు. ధైర్యమిచ్చి కాపాడినది ఆ బిచ్చగత్తెయే. తెల్లవారేసరికి ఆమె మరణించి ఉంటుంది. ఆయన పర్సు ఆమె వద్దనే కనబడుతుంది. ప్రాణం నిలిపినదీ, పర్సు దొంగిలించినదీ ఒక్కతెయే. ఇక ఆమెకు శిక్ష విధించగల న్యాయమూర్తి ఎవరు?

గోదావరి సీమవారికి తుపాను కొత్త కాదు. కాని తుపాను నెరుగని దేశాలవారు సైతం ఈ కథను తమదిగా భావించగలరు. ప్రాణభయమూ, ఆకలీ, తోడుకై తపించే మనసూ అన్ని దేశాలలోనూ ఒక్కటే. విదేశీయుల కోసమని పద్మరాజుగారు తన ఊరి మనుషులకు వేషం మార్చలేదు. వారిని ఉన్నవారిని ఉన్నట్లే చిత్రించారు.

‘పడవ ప్రయాణం’లోనూ ఇదే ప్రశ్న. కాలువలో సాగే పడవలో రంగి, పద్దాలు దొంగతనానికి పూనుకుంటారు. పద్దాలు పారిపోతాడు, నింద మోయడానికి రంగి మిగిలిపోతుంది. వాడు తనకు ద్రోహం చేసినవాడైనా ఆమె ప్రేమ చావదు. నేరాన్ని చూచిన పాఠకుడు చివరకు మనిషిని చూస్తాడు.

తరువాత పద్మరాజుగారు చలనచిత్ర రంగంలో ప్రవేశించి, బి.ఎన్.రెడ్డిగారి ‘బంగారుపాప’కు సంభాషణలు కూర్చారు. జార్జ్ ఇలియట్ ఆంగ్ల నవల ఆ చిత్రానికి ఆధారం. తన కథను ప్రపంచానికందించిన రచయిత, ప్రపంచపు కథనొకదానిని తెలుగువారి ఇంటికి తెచ్చారు.

1983లో ఆయన దివంగతులైనారు. ‘గాలివాన’ కథాసంపుటికి 1985లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి మరణానంతరం లభించింది. బహుమతులు కథకు బాట వేయవచ్చును; దానిని నిలబెట్టేది మాత్రం రావుగారి గుండెలో ఆ రాత్రి కలిగిన సంచలనమే. తోటి మనిషిపై తొందరపడి తీర్పు చెప్పబోయే ప్రతి పాఠకుని చేతినీ అది ఈనాటికీ పట్టి ఆపుతూనే ఉన్నది.