గిల్బర్ట్ వాకర్

సర్ గిల్బర్ట్ థామస్ వాకర్ (జూన్ 14, 1868 - నవంబరు 4, 1958) ఇంగ్లాండుకు చెందిన గణిత, వాతావరణ శాస్త్రవేత్త. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశాడు. సూర్యమచ్చలు, వాటితోపాటు పెరిగి తరిగే భూ అయస్కాంత అలజడులు వర్షాలను శాసిస్తాయన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులలో, ఈయన సూర్యమచ్చల ప్రభావాన్ని లెక్కలతో పరీక్షించాడు. మహాసముద్రాలపై గాలి పీడనంలో కనిపించే హెచ్చుతగ్గులకు దక్షిణ డోలనం అని పేరు పెట్టినది కూడా ఈయనే.

బాల్యం, విద్యాభ్యాసం

వాకర్ లాంకషైర్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో జన్మించాడు. లండన్‌లోని సెయింట్ పాల్స్ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివాడు. 1889లో గణిత పరీక్షలో ప్రథమ స్థానం పొంది సీనియర్ రాంగ్లర్ అయ్యాడు. 1890లో ఆరోగ్యం దెబ్బతినడంతో కొంతకాలం స్విట్జర్లాండులో గడిపాడు. విసిరినవారి వద్దకే తిరిగివచ్చే బూమరాంగ్ గమనాన్ని గణితపరంగా వివరించి, ఆ పేరుతోనే మిత్రులలో ప్రసిద్ధుడయ్యాడు. 1904లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. భారతదేశానికి వచ్చేనాటికి ఈయనకు వాతావరణ శాస్త్రంలో అనుభవం లేదు.

కరువులు - సూర్యమచ్చల సిద్ధాంతం

వాకర్ చేపట్టిన పనికి మూలం దక్షిణ భారతదేశపు కరువులలో ఉంది. 1876లో వర్షాలు విఫలమై మద్రాసు రాజధానిలోను, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలలోను ఘోరమైన కరువు ఏర్పడింది. తెలుగువారు దీనిని ధాత కరువు అంటారు. 1878 వరకు సాగిన ఈ కరువులో యాభై లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా. ఆనాడు బళ్ళారి జిల్లాలో ఉండిన పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలు కూడా కరువు పాలైన సీమలోనివే. ఇవి 1882లో అనంతపురం జిల్లాలో, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి.

సూర్యమచ్చలు ఎక్కువైన సంవత్సరాలలో అయస్కాంత సూచి ఎక్కువగా చలిస్తుందని ఎడ్వర్డ్ సబైన్ 1852లోనే గుర్తించాడు. 1877లో విలియం హంటర్ మద్రాసు వర్షపాత లెక్కలను పరిశీలించి, సూర్యమచ్చలు తగ్గినపుడు వానలు కూడా తగ్గుతున్నాయని, ఈ ఆవృతి సుమారు 11 సంవత్సరాలని ప్రతిపాదించాడు. ఇది నిజమైతే కరువు రాకను ఏళ్ళ ముందే తెలుసుకొని ధాన్యం నిలువ చేసుకోవచ్చు. అందుకే ప్రభుత్వం దీనిపై ఆసక్తి చూపింది. 1899లో కొడైకెనాల్ సౌర వేధశాల ఏర్పడడానికి ఈ ఆశ కూడా ఒక కారణం. అదే సంవత్సరం వర్షాలు బాగుంటాయన్న వాతావరణ శాఖ అంచనా తప్పి, దేశంలో మరో పెద్ద కరువు వచ్చింది.

భారతదేశంలో పరిశోధనలు

1903లో భారతదేశానికి వచ్చిన వాకర్, జాన్ ఇలియట్ తరువాత 1904 జనవరిలో వేధశాలల డైరెక్టర్ జనరల్ పదవిని చేపట్టాడు. కొడైకెనాల్ వేధశాల, బొంబాయి నుండి అలీబాగ్‌కు తరలించిన అయస్కాంత వేధశాల కూడా ఈయన అధికార పరిధిలో ఉండేవి.

ఊహలకు బదులు అంకెలనే ఆధారం చేసుకోవాలని ఈయన నిశ్చయించుకున్నాడు. ప్రపంచం నలుమూలల నుండి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం వివరాలు సేకరించి, భారతీయ గుమాస్తాల సహాయంతో వేలకొద్దీ సహసంబంధాలను లెక్కకట్టించాడు. సూర్యమచ్చలపై ఫలితాలు 1915లో వెలువడ్డాయి. వర్షపాతానికీ సూర్యమచ్చలకూ మధ్య కనిపించిన సంబంధం స్వల్పం. దానిపై ఆధారపడి కరువును ముందుగా చెప్పడం సాధ్యం కాదని తేలింది.

అయితే ఆ లెక్కలలోనే మరొక విషయం బయటపడింది. పసిఫిక్ మహాసముద్రంపై పీడనం పెరిగినపుడు హిందూ మహాసముద్రంపై తగ్గుతుంది. అక్కడ తగ్గినపుడు ఇక్కడ పెరుగుతుంది. దీనినే ఈయన దక్షిణ డోలనం అన్నాడు.

1913లో మద్రాసు వచ్చినపుడు శ్రీనివాస రామానుజన్ గణిత పత్రాలను చూసి, ఆయనకు పరిశోధక వేతనం ఇవ్వవలసిందిగా మద్రాసు విశ్వవిద్యాలయానికి సిఫారసు చేసినవారిలో వాకర్ ఒకడు.

చివరి జీవితం

1924లో సర్ బిరుదు పొంది, స్వదేశానికి తిరిగివెళ్ళి, 1934 వరకు లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యుడిగా పనిచేశాడు. సహసంబంధాలకు భౌతిక కారణం చూపలేకపోవడంతో ఈయన కృషికి జీవితకాలంలో తగిన గుర్తింపు రాలేదు. 90వ ఏట మరణించాడు. 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ ఎల్ నినోకూ దక్షిణ డోలనానికీ ఉన్న సంబంధాన్ని వివరించి, పసిఫిక్‌పై తూర్పు పడమరలుగా సాగే వాయు ప్రసరణకు వాకర్ పేరు పెట్టాడు.

నేటి అవగాహన

గత రెండు శతాబ్దాలలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 9 శాతం బలహీనపడింది. అయినా వానలపై దాని ప్రభావం నిరూపితం కాలేదు. అయస్కాంత అలజడులు ముఖ్యంగా విద్యుదావేశం గల కణాలను కదిలిస్తాయి. అవి అధికంగా ఉండేది సుమారు 60 కిలోమీటర్లకు పైనున్న అయనోస్పియర్‌లో. మేఘాలు, వానలు ఏర్పడేది 18 కిలోమీటర్లలోపు. 11 ఏళ్ళ చక్రంలో సూర్యుని శక్తి మారేది కూడా 0.1 శాతమే. విశ్వకిరణాల ద్వారా మేఘాలపై ప్రభావం ఉండవచ్చన్న వాదన ఉన్నా, ప్రయోగాలలో అది స్వల్పమని తేలింది. సుమారు 41,000 సంవత్సరాల క్రితం అయస్కాంత క్షేత్రం మిక్కిలి క్షీణించినపుడు శీతోష్ణస్థితి మారిందా అన్నది నేటికీ చర్చనీయాంశమే.

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో వేరుశనగ రైతుకు వానల అంచనా ప్రాణప్రదం. ఎల్ నినో సంవత్సరాలలో నైరుతి ఋతుపవనాలు తరచుగా బలహీనపడతాయి. 2002, 2009 అనావృష్టి సంవత్సరాలు ఇటువంటివే. అదే సమయంలో ఈశాన్య ఋతుపవనాలు దక్షిణాదిన కొంత మెరుగ్గా ఉండే ధోరణి కూడా ఉంది. ఋతుపవనాల అంచనాలలో నేడు ముందుగా పరిశీలించే అంశాలలో వాకర్ గుర్తించిన ఈ డోలనం ఒకటి.