చాలునన్న గృహస్థుడు: శ్రీ వేదాంతదేశికులు

సంక్రాంతి పండుగ వెళ్లిన పిమ్మట అహోబిల నృసింహస్వామి పల్లకి నెక్కి పార్వేటకై ఆళ్లగడ్డ సీమ గ్రామములకు వేంచేయును. నలువది దినములకు పైగా స్వామియే భక్తుల వాకిళ్లకు వచ్చును. అటుపిమ్మట ఫాల్గుణమున బ్రహ్మోత్సవములు. పాములపాడు, ఆత్మకూరు, నంద్యాల ప్రాంతముల నుండి తరలివచ్చు యాత్రికులు స్వామిని సేవించి మరలునపుడు అంగళ్ల ముందు నిలుతురు. ఇంట పది గిన్నెలుండగా పదునొకండవది కొందురు. పెట్టె నిండ వస్త్రములుండగా మరియొకటి కొందురు. కొన్ననాటి సంతోషము నాలుగు దినములలో మాసిపోవును. చేసిన అప్పు మాత్రము నిలుచును. అట్టి వేళ స్మరింపదగినవారు శ్రీ వేదాంతదేశికులు. అహోబిల మఠము అనుసరించు సంప్రదాయమునకు ఆ మహాచార్యులే మూలస్తంభము.

క్రీ.శ. 1268 విభవ నామ సంవత్సరమున, శ్రవణా నక్షత్రమునందు, కాంచీపురమునకు చేరువనున్న తూప్పుల్‌లో అనంతసూరి, తోతారంబ దంపతులకు ఆయన జన్మించిరి. వేంకటనాథుడని నామకరణము చేసిరి. తిరుమల శ్రీనివాసుని ఘంటయే ఆ రూపమున అవతరించెనని పెద్దల విశ్వాసము. మేనమామయగు అప్పుళ్లార్ సన్నిధిని శాస్త్రము లభ్యసించి, సంస్కృత ప్రాకృత ద్రావిడ మణిప్రవాళములందు నూరుకు పైగా గ్రంథములు రచించిరి. కవితార్కికసింహుడనియు, సర్వతంత్రస్వతంత్రుడనియు లోకము ఆయనను కొనియాడెను.

ఇంతటి విద్వాంసుడు సన్న్యాసి కాడు. భార్యాపుత్రులతో కాపురము చేసిన గృహస్థుడు. ఆయన జీవనము ఉంఛవృత్తి. ప్రాతఃకాలమున భగవన్నామము పలుకుచు వీథి వెంట నడచి, గృహిణులు పెట్టిన బియ్యముతో ఆ దినము గడపుకొనెడివారు. మరునాటికి దాచుట లేదు.

ఒకనాడు ఎవరో భక్తులు ఆయన లేమికి జాలిపడి బియ్యములో బంగారు నాణెములు కలిపి పెట్టిరని సంప్రదాయ గాథ. ఇల్లాలు బియ్యము చేటలో పోసి, మెరయుచున్నవేమని అడిగెను. దేశికులు వానిని పురుగులుగా భావించి, దర్భకొనతో ఏరి వెలుపల పారవేసిరి. ఇక్కడ ఆ ఇల్లాలి ఓర్పును సైతము మరువరాదు. బంగారము కావలెనని ఆమెయు కోరలేదు. దంపతులిరువురికి ఒకే నిశ్చయము లేనియెడల ఏ ఇంటను సంతృప్తి నిలువదు.

విజయనగర రాజ్యము 1336లో వెలసిన పిమ్మట విద్యారణ్యులు ఆయనను రాజాస్థానమునకు రమ్మని కబురంపిరని చెప్పుదురు. దేశికులు వెళ్లలేదు. ప్రత్యుత్తరముగా పంపిన శ్లోకములే వైరాగ్యపంచకమని ప్రసిద్ధి. రాజులను ద్వేషించినవారు కారు. సర్వజ్ఞ సింగభూపాలుని కోరికపై సుభాషితనీవిని అనుగ్రహించిరని పెద్దలందురు. ఇచ్చుటకు వెనుదీయలేదు, పుచ్చుకొనుటకే ఇచ్చగింపలేదు.

ధనమును నిందించినవారును కారు. వివాహమునకు ధనములేని ఒక బ్రహ్మచారి ఆశ్రయింపగా, శ్రీస్తుతితో లక్ష్మీదేవిని ప్రార్థించిరట. కురిసిన కనకమునంతయు ఆ బాలునికే విడిచి తాము వెడలిపోయిరట. ఆ ధనము బాలునికి అక్కఱ. తమకు అక్కఱ కాదు. ఈ రెంటికి గల భేదము నెఱుగుటయే వివేకము.

తిరువహీంద్రపురమున ఒక శిల్పి ఆయన బిరుదమును పరీక్షింపగోరి, బావి కట్టి చూపుమనెను. వంకరటింకర ఇటుకలను ముందుంచెను. దేశికులు మంచి ఇటుకలు తెమ్మనలేదు. ఉన్నవానినే ఒండొంటికి పొందుపరచి బావి కట్టిరి. అది నేటికిని అక్కడ చూపబడుచున్నది. మన ఇండ్లలో ఉన్న వస్తువు కొంచెము వంకరయైనంతనే క్రొత్తదానికై పరుగెత్తువారికి ఆ బావి చాలును గదా బోధింప!

పదునాలుగవ శతాబ్ది పూర్వార్ధమున శ్రీరంగముపై దండయాత్ర జరిగినపుడు అందఱును తోచినది మూటగట్టుకొని పరుగెత్తిరి. దేశికులు కాపాడినవి రెండే: సుదర్శనసూరి రచించిన శ్రుతప్రకాశిక తాళపత్రములు, ఆయన ఇరువురు కుమారులు. ప్రాణాపాయ సమయమున చేత పట్టుకొనదగినవేవో, అవియే మన నిజమైన ఆస్తి. తక్కినవన్నియు బరువు.

మనమందఱము ఉంఛవృత్తి చేయవలెనని దీని భావము కాదు. పిల్లలకు విద్య, వృద్ధులకు ఔషధము, అతిథికి అన్నము, దేవునికి దీపము గృహస్థుని ధర్మములు. వీనికై వ్యయము చేయుట దోషము కాదు. అంగడిలో చూచినంతనే పుట్టిన కోరిక వేఱు. అట్టి కోరిక కలిగినపుడు ఒక ఏకాదశి నుండి మరు ఏకాదశి వరకు ఆగి చూడవలెను. అక్కఱ యైనచో అది అప్పటికిని నిలుచును. వట్టి ఆశయైనచో ఉపవాసముతోడనే తొలగిపోవును. మిగిలిన ద్రవ్యము ఆకలిగొన్నవాని విస్తరిలో అన్నమగును.

1369లో దేశికులు పరమపదించిరి. నూరేండ్లు దాటిన ఆ జీవితమున ధనధాన్యములు కూడలేదు. గ్రంథములు, శిష్యులు మాత్రము మిగిలిరి. ఆ మిగులుతోనే నేటికిని మఠములు, ఆలయములు, గృహములు వెలుగుచున్నవి. అహోబిలేశుడు మనకు కోరినదెల్ల ఇచ్చుట కంటె, ఉన్నది చాలునను మనస్సు నొసగి కాపాడుగాక!