కీర్తిశేషులు గురజాడ అప్పారావు పంతులుగారు – స్త్రీజనాభ్యుదయము

ఏ కులముయొక్క యౌన్నత్యమైనను ఆ కులమందలి స్త్రీల స్థితినిబట్టియే నిర్ణయింపదగును. మన సీమలో నీ సత్యమును లోకమునకు జూపిన మహనీయులు గురజాడ వేంకట అప్పారావు పంతులుగారు.

వీరు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ఎలమంచిలి సమీపమందలి రాయవరమున జన్మించిరి. చీపురుపల్లిలోను, విజయనగరములోను విద్య నభ్యసించి, 1886లో బి.ఏ. పట్టము బడసి, మహారాజావారి కళాశాలలో నుపాధ్యాయులై, ఆనందగజపతి మహారాజులవారి యాదరమునకు పాత్రులైరి.

ఆ కాలమున ధనము గైకొని పసిబిడ్డలను పెండ్లికిచ్చు దురాచారము మన బ్రాహ్మణకుటుంబములలో ప్రబలియుండెను. మహారాజులవారు నాటి విశాఖపట్టణమండలమున మూడేండ్లలో జరిగిన యట్టి వివాహములకు పట్టిక వ్రాయించిరి. సొమ్ము పుచ్చుకొంటిమని చెప్పుటకు తలిదండ్రులు వెనుదీయుటచే నది సమగ్రము కాకపోయినను, 1034 వివాహము లందు కెక్కెను. ఆ వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాదిబిడ్డలు ముగ్గురు! ఆ శిశువుల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు.

ఈ దుస్థితిని నలుగురి యెదుట బెట్టుటకే పంతులుగారు కన్యాశుల్కనాటకమును రచించిరి. అది 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో విస్తృతరూపమున వెలువడెను. అందు అగ్నిహోత్రావధానులు కూతును వృద్ధునకు విక్రయింపబూనగా, తల్లి వెంకమ్మ మాటకు విలువ లేదు. నూతిలో దుముకుటయే యామెకు దోచిన యుపాయము. 1910లో ప్రకటితమైన దిద్దుబాటు కథయందు కమలిని చదువు నేర్చిన యిల్లాలు. దారి తప్పిన భర్తను ఒక్క జాబుతో చక్కబెట్టుకొనెను. ఒకతెకు నుయ్యి, మఱియొకతెకు కలము దిక్కయ్యెను. ఈ భేదమునకు విద్యయే హేతువు.

పంతులుగారు 1915 నవంబరు 30వ తేదీన విజయనగరమున పరమపదించిరి. అనంతరము 1929 నాటి శారదాచట్టము బాలికల వివాహమునకు 14 ఏండ్లు కనీసవయస్సుగా విధించెను. 1978లో నది 18 ఏండ్లయ్యెను. కన్యాశుల్కము మాసినది గాని, వరకట్నము దాని పీఠ మెక్కినది. 1961లోనే శాసనము నిషేధించినను, ఇచ్చువారును పుచ్చుకొనువారును నేటికిని గలరు. మే ముపాధ్యాయవృత్తిలో నున్న కాలమున, లగ్నము నిశ్చయము కాగానే హాజరుపట్టీనుండి పేరు తొలగిన బాలికలను జూచితిమి; ఇది యేమని యడుగవలసినవారమయ్యు నడుగమైతిమి.

కావున మహాసభవారు, కట్నముతో జరిగిన వివాహము లెన్నియో, నడుమ చదువు మానిన బాలిక లెందరో, మన యిండ్లనుండియే ముందుగా పట్టిక వ్రాయించి, పిమ్మట తీర్మానములు గావింతురుగాక. అట్లొనర్చిన పంతులుగారి ఋణము కొంత దీరును.