ఓం మహాశయుడు

మన యిండ్లలో దీపము వెలిగించునపుడుగాని, ఇస్త్రీపెట్టె వేడిచేయునపుడుగాని స్మరణకు రాని పేరొకటి కలదు. విద్యుత్ప్రవాహమునకు తీగ కలిగించు నిరోధమును కొలుచు ప్రమాణమునకు ఓం అని పేరు. ఈ శబ్దము చెవిని బడినంతనే మనవారికి ప్రణవము జ్ఞప్తికి వచ్చుట సహజమే. కాని యిది యొక జర్మను ఉపాధ్యాయుని యింటిపేరు. నేడు ఉన్నత పాఠశాల బాలుడు ఒక్క పంక్తిలో వ్రాయగల సూత్రమునకై ఆయన తన జీవితమున మంచి వయస్సునెల్ల ధారవోయవలసి వచ్చెను.

గేయార్గ్ సైమన్ ఓం 1789 మార్చి 16వ తేదీన ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. ఆయన బడిలో చదివినవాడు కాడు. స్వయంకృషిచే గణితము, భౌతిక రసాయన శాస్త్రములు అభ్యసించి, వానిని కుమారులకు తానే బోధించెను. పదేండ్ల ప్రాయమున గేయార్గ్ తల్లిని కోల్పోయెను. 1805లో విశ్వవిద్యాలయమున చేరిన పిమ్మట నృత్యములకును, బిలియర్డ్సు ఆటకును, మంచుమీద జారుటకును మరగి చదువు నుపేక్షించెను. తండ్రి కోపించి చదువు మాన్పించెను. సుత్తె పట్టి సంపాదించిన సొమ్ము అట్లు వ్యర్థమగుట చూచిన తండ్రి కోపము నన్యాయమనజాలము. కుమారుడు స్విట్జర్లండుకు పోయి పిల్లలకు లెక్కలు చెప్పుచు, తనంతట తాను చదివి, 1811లో ఎర్లాంగెనుకు తిరిగివచ్చి డాక్టరు పట్టము పొందెను. పట్టము వచ్చెనుగాని జీతము చాలలేదు. కొంతకాలము బాంబెర్గ్ పట్టణమున పనిచేసి, 1817లో కొలోన్ నగర పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను.

ఆ పాఠశాలలో మంచి ప్రయోగశాల యుండెను. తండ్రివద్ద నేర్చిన చేతిపని యచ్చట అక్కరకు వచ్చెను. తీగ పొడవు పెరిగినకొలది విద్యుత్ప్రవాహ మెట్లు తగ్గునో కనుగొనవలెనని ఆయన సంకల్పము. 1825లో ప్రకటించిన మొదటి సూత్రము తప్పయ్యెను. ఆనాటి విద్యుద్ఘటముల బలము ప్రయోగము సాగుచుండగనే క్షీణించెడిది. గజముకఱ్ఱయే కుంచించుకొని పోవుచున్నచో గుడ్డను కొలుచుటెట్లు? శాస్త్రపత్రికా సంపాదకుడగు పోగెన్‌డోర్ఫ్, ఘటమును విడిచి ఉష్ణయుగ్మమును వాడుమని సలహా యిచ్చెను. రెండు వేర్వేరు లోహములను రెండు కొనలయందును జతపరచి, ఒక కూడలిని వేడిగాను, రెండవదానిని చల్లగాను ఉంచినచో ప్రవాహము పుట్టును. ఓం రాగిని, బిస్మతును అట్లు జతపరచి, ఒక కూడలిని మరుగు నీటితో వేడిచేసి, రెండవదానిని మంచులో నుంచెను. మరుగు నీటి వేడిమియు, కరగు మంచు చల్లదనమును నిలుకడ గలవి గదా! ఒకే మందము గల యెనిమిది రాగితీగలను, 2 అంగుళములు మొదలు 130 అంగుళముల వరకు, ఒక్కొక్కటిగా వలయములో చేర్చి, అయస్కాంత సూచిని స్వస్థానమునకు తెచ్చుటకు దానిని వ్రేలాడదీసిన తీగను ఎంత పురి త్రిప్పవలెనో కొలిచెను. 1826లో సత్యము తేలెను. ప్రవాహము ప్రేరక బలమునకు అనులోమముగను, వలయములోని మొత్తము నిరోధమునకు విలోమముగను ఉండును.

దీని ఫలమును మన వంటయింటనే చూడవచ్చును. 230 వోల్టులవద్ద 5 ఆంపియర్లు గ్రహించు నీటి హీటరు నిరోధము, 230ని 5చే భాగింపగా, 46 ఓములు. వోల్టులను ఆంపియర్లచే గుణించినచో సామర్థ్యము 1150 వాట్లు. వోల్టేజి 207కు దిగినచో, నిరోధము మారదనుకొనిన, ప్రవాహము 4.5 ఆంపియర్లగును, సామర్థ్యము 931.5 వాట్లకు పడిపోవును. పదవవంతు తగ్గిన వోల్టేజి దాదాపు ఐదవవంతు సామర్థ్యమును హరించినది! సాయంకాలము నీరు కాగుట కాలస్యమైనచో హీటరును నిందింప బనిలేదు. బల్బు విషయమున మాత్రము జాగ్రత్త అవసరము: అందలి తీగ వేడెక్కినపుడు నిరోధము పెక్కురెట్లు పెరుగును గనుక చల్లని బల్బును కొలిచి లెక్కవేయరాదు. తీగలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమును, నిరోధమును అనుసరించునని 1841లో ప్రకటించినవాడు ఇంగ్లండు దేశీయుడగు జౌల్.

ఓం తన సిద్ధాంతమును 1827లో బెర్లినునందు గ్రంథరూపమున ప్రకటించెను. విశ్వవిద్యాలయమున ఉద్యోగము లభించునని ఆయన ఆశ. లభించినది ఉపేక్ష. ప్రకృతి రహస్యములు తత్త్వచింతనచేతనే తెలియునని నమ్మిన పోల్ అను పండితుడు గ్రంథమును తీవ్రముగా ఖండించెను. ఓం గ్రంథములోని గణితము నాటివారికి కఠినమనుటయు నిజమే. మనస్తాపము చెంది ఆయన 1828లో కొలోన్ ఉద్యోగమునకు రాజీనామా యిచ్చెను. తరువాత బెర్లినునందు స్వల్పవేతనముతో లెక్కలు చెప్పుచు కాలము గడపెను. 1833లోగాని న్యూరెంబర్గు సాంకేతిక పాఠశాలలో ఆచార్యపదవి దొరకలేదు.

స్వదేశమున లభింపని గౌరవము పరదేశమునుండి వచ్చెను. 1841లో లండను రాయల్ సొసైటీ ఆయనకు కాప్లే పతకము నొసగి, మరుసటి యేట విదేశ సభ్యునిగా స్వీకరించెను. 1849లో ఆయన మ్యూనిక్ చేరెను. యౌవనమున కోరిన విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర పీఠము 1852లో, అరువదిమూడవ యేట, చేతికందెను. దాని ననుభవించినది రెండేండ్లు మాత్రమే. 1854 జూలై 6వ తేదీన ఆయన మ్యూనిక్‌లో మరణించెను. 1881లో పారిసులో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధ ప్రమాణమునకు ఆయన పేరును స్థిరపరచెను. వోల్టా, ఆంపియరుల పేర్లును దాని సరసనే నిలిచినవి.