జార్జి మాలరీ చరిత్రము

ఎవరెస్టు శిఖరమును స్మరించునపుడు జార్జి మాలరీ పేరు తలపునకు రాక మానదు. ఆయన సాహసమును కొనియాడినవారు పెక్కురు గలరు. మేమిచ్చట ముఖ్యముగ మంచు ఆయనకు నేర్పిన కఠిన పాఠమును చెప్పబూనితిమి.

మాలరీ 1886 జూన్ 18వ తేదీన ఇంగ్లండునందలి మాబర్లీ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ గురువు. మాలరీ వించెస్టరు పాఠశాలలో చదువుచుండగనే ఆల్ప్సు పర్వతముల నెక్క నేర్చెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1910లో చార్టర్‌హౌస్ పాఠశాలయందు ఉపాధ్యాయుడయ్యెను. 1921లో ఎవరెస్టునకు దారి వెదకబోయిన మొదటి బృందమున జేరెను.

1922లో మరల బోయెను. జూన్ మొదటివారమున మంచు విస్తారముగ గురిసి, పిమ్మట ఎండ గాచెను. 7వ తేదీన మాలరీ, సోమర్వెల్, క్రాఫర్డు అను మువ్వురును, పర్వతవాసులగు పదునలుగురు మోతగాండ్రును త్రాళ్లు గట్టుకొని ఉత్తరపు కనుమ నెక్కసాగిరి. ఈ సోమర్వెల్ గారే తరువాత తిరువాన్కూరులోని నెయ్యూరు మిషను ఆసుపత్రిలో చిరకాలము వైద్యము చేసిరి.

క్రిందనున్న నిట్టవాలున మంచును త్రొక్కి పరీక్షింపగా నది కదలలేదు. భయము లేదని తలచి ముందునకు సాగిరి. మధ్యాహ్నము దాటిన పిమ్మట ప్రేలుడు వంటి ధ్వని వినబడెను. మంచు వాలంతయు జారెను. ముందు త్రాటివారు బయటపడిరి. చివరి రెండు త్రాళ్ల తొమ్మండుగురు మోతగాండ్రును మంచుగోడపైనుండి అగాధమున బడిరి. ఇరువురు మాత్రము బ్రతికిరి, ఏడుగురు మరణించిరి.

క్రొత్తమంచు పడినంతనే పాతమంచుతో నతుకుకొనదు. పొరల నడుమ బలహీనత దినములకొలదియు, ఒక్కొక్కప్పుడు వారములకొలదియు నిలిచియుండును. గాలి మంచును ఒకచోట పలుచగను, వేరొకచోట దట్టముగను పేర్చును. కావున ఒకచోట నిలిచిన మంచు కొంతదూరమున నిలువకపోవచ్చును. మనుష్యుల అడుగుల బరువే దానిని తెగజేయ చాలును.

మరణించినవారు దారిని నిర్ణయించినవారు కారు. నమ్మి వెంట నడచినవారు. దోషము తనదేయని మాలరీ తన లేఖలలో నొప్పుకొనెను. ఆ ఏడుగురికిని 1924లో ఒలింపిక్ పతకములు ప్రకటింపబడినవి.

ఆ యేడే జూన్ 8న మాలరీ, ఇర్విన్ అను యువకునితో శిఖరమువైపు బోయి మరలి రాలేదు. ఆయన దేహము 1999 మే 1న కనబడెను.

విద్యార్థులారా! ధైర్యవంతుడు తన ప్రాణమును ఒడ్డవచ్చును. తనను నమ్మి వెంట వచ్చువారి ప్రాణముల విషయమున మాత్రము ఒక పరీక్షతో తృప్తి చెందరాదు.