స్వీయకంఠాన్వేషణము: నండూరి వెంకట సుబ్బారావు గారి జీవితము

శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడును కలిసియే కావ్యమునకు హేతువగునని మమ్మటాచార్యుల మతము. ఇందు నిపుణతను, అభ్యాసమును గురువు నేర్పగలడు. శక్తి జన్మతః రావలసినది. అయితే శక్తి గల యువకుడు సైతము చాలకాలము పరుల వాక్కుతోనే పలుకుచుండుట మనమందరమును ఎరిగినదే. క్షేమేంద్రుడు కవికంఠాభరణంలో పూర్వకవి ఛాయను మాత్రము గ్రహించువాడు మొదలుకొని లోకమంతయు తననే ఉపజీవించునట్టి మహాకవి వరకు కవుల తరగతులను చెప్పినాడు. ఒక మెట్టు నుండి మరియొక మెట్టునకు ఎట్లు పోవలెనో కవుల జీవితములే తెలుపవలెను. అట్టి జీవితములలో యెంకి పాటల కర్త నండూరి వెంకట సుబ్బారావు గారిది ఒకటి.

వారు 1895లో ఏలూరికి సమీపంలోని వసంతవాడలో జన్మించినారు. అప్పటికి ఆ ప్రాంతము గోదావరి మండలములోనిది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2022 నుండి ఏలూరు జిల్లాలో ఉన్నది. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు పరుచుకొనియున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రమునకు చేర్చును. ఏలూరి వద్ద రెండు నదుల కాలువలు కలియును. పడవలు, వరిచేలు, వెన్నెల రాత్రుల కోత పనులు, ఆ పనులతోపాటు సాగు పాటలు, ఇవన్నియు ఆనాటి పిల్లవాని చెవిలోను కంటిలోను సహజముగానే నిలిచియుండును. అవి కవిత్వమునకు వస్తువు కాగలవన్న మాట మాత్రము ఆ రోజులలో వానికి చెప్పువారరుదు.

ఏలూరిలో ప్రాథమిక విద్య ముగించి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ఆ నగరముననే న్యాయశాస్త్రమును అభ్యసించినారు. ఆ కాలము తెలుగు వాఙ్మయమున పెద్ద కలత నడచిన కాలము. గిడుగు రామమూర్తి పంతులు గారు వ్యావహారికమునకై వాదించుచుండిరి. గురజాడ అప్పారావు గారు ముత్యాల సరములతో క్రొత్త నడకను చూపి 1915లో కీర్తిశేషులైరి. ఒకవైపు ఛందోవ్యాకరణముల కట్టుబాటు, మరొకవైపు ఆంగ్ల భావకవిత్వపు ఆకర్షణ. ఈ రెంటి నడుమ ఆనాటి యువకుడు పద్యము వ్రాసిన ప్రబంధచ్ఛాయ, గీతము వ్రాసిన ఆంగ్లచ్ఛాయ కనబడెడివి. రెండును ఎరవు తెచ్చుకొన్న గొంతులే.

1917-18 ప్రాంతమున మద్రాసులో ట్రాము బండిలో పోవుచుండగా తొలి పాట వారికి స్ఫురించినదని ప్రతీతి. ఈ ఘటనలో మనము గమనింపదగిన విషయమొకటి కలదు. పల్లె విడిచి, నగరమధ్యమున, యంత్రముతో నడచు బండిలో కూర్చున్నప్పుడు పల్లెపడుచు ఒకతె ఆయన నోట పలికినది. ఊరిలో ఉన్నంతకాలము ఆ భాష నిత్యవ్యవహారము మాత్రమే. దూరము ఏర్పడిన పిదపనే అది స్మృతియై, స్మృతి భావనయై, రసయోగ్యత పొందినది. లౌకికానుభవము సాధారణీకృతమైననే రసమగునని అభినవగుప్తపాదులు చెప్పిన తత్త్వమునకు ఇది సన్నిహితమైన ఉదాహరణముగా నాకు తోచుచున్నది.

యెంకి, నాయుడు బావ అను ఇరువురే ఆ పాటల లోకము. అయితే అది ఏ యొక్క ఊరి మాటకును యథాతథమైన ప్రతిలిపి కాదు. విద్యాధికుడైన కవి గోదావరీ కృష్ణా తీరముల జానపదుల నుడికారమును ఏరి, కూర్చి, పాట నడకకు ఒదుగునట్లు నిర్మించిన కావ్యభాష. కావున స్వీయకంఠమనగా పుట్టుకతో వచ్చిన మాటతీరు మాత్రమే కాదు, ఎన్నికతో నిర్మించుకొన్నది కూడ. తన మాట కాని మాటలో ఆ కవి తన హృదయమును కనుగొన్నాడు. ఆయనకు సన్నిహితుడైన బసవరాజు అప్పారావు గారును గేయమునే ఆశ్రయించినారు. కాని ఇరువురి గొంతులును వేరు.

యెంకి పాటలు 1925లో గ్రంథరూపమున వెలువడినవి. సంప్రదాయ పండితులలో కొందరు రెండు ఆక్షేపణలు చేసినారు. భాష గ్రామ్యమనునది మొదటిది. నాయికానాయకులు సామాన్యులు గావున ఇది రసాభాసమనునది రెండవది. ఇక్కడ నా సంగతి దాచుట న్యాయము కాదు. నేను పాఠశాలలో కావ్యపాఠము చెప్పుకొను దినములలో మా గురువుగారొకరు ఈ పాటల పేరు వినినంతనే గ్రామ్యదోషమునకు ఉదాహరణమని నవ్వి విడిచినారు. ఆ తీర్పునే నేనును చాలకాలము నా విద్యార్థులకు అందించితిని. ఒకనాడు గాథాసప్తశతి పాఠమున ఒక విద్యార్థి అడిగినాడు: ప్రాకృతములో పలికిన పల్లెపడుచు వలపు ధ్వనికావ్యమైనప్పుడు తెలుగులో పలికిన యెంకి వలపు దోషమెట్లగునని. నా వద్ద సమాధానము లేకపోయినది.

ఇంటికి వచ్చి శాస్త్రమునే మరల చూచితిని. పాత్రోచితమైనచోట గ్రామ్యము గుణమే యగునని మమ్మటుడే అంగీకరించినాడు. నాట్యమున పాత్రభేదముచే భాషాభేదమును భరతుడే విధించినాడు. ఇక రసాభాసమందుమా, అనన్యానురాగము, స్థైర్యము, త్యాగము గల యెంకి సర్వవిధముల స్వీయ నాయిక. ప్రకృతి యొక్క ఉత్తమత్వము శీలమును బట్టి నిర్ణయింపదగినదే గాని కులమును బట్టి కాదు. దోషము పాటలలో లేదు. మేము లక్షణమును సగమే చదివితిమి.

సుబ్బారావు గారు 1926 నుండి ఏలూరిలో న్యాయవాదవృత్తి నడిపినారు. పగలు వ్యాజ్యములు, తక్కిన వేళ పాట. తరువాతి కాలమున వెలసిన కొత్త పాటలలో యెంకి మరింత ఆలోచనాపరురాలై, తాత్త్వికచ్ఛాయ అధికమైనది. తొలి పాటల సహజవేగము వానిలో కొంత తగ్గినదని నా అభిప్రాయము. రాశి స్వల్పమైనను ఆయన తన గొంతును విడువలేదు, దానిని పెంచి అమ్ముకొనను లేదు. యెంకి పేరు తెలుగునాట సామాన్యనామమైనది. అనుకర్తలు పలువురు బయలుదేరినారు. వారు మాండలికపదములను గ్రహించినారు గాని ఆ పదముల వెనుకనున్న మనస్సును గ్రహింపలేదు. క్షేమేంద్రుని తరగతులలో వారు ఛాయోపజీవులు, యెంకి కర్త ఉపజీవ్యుడు. వారు 1957లో దివంగతులైనారు.

నేటికిని మన ప్రాచ్యకళాశాలలకు వచ్చు పిల్లలు హిమవత్పర్వతమును, మానససరోవరమును చక్కని వృత్తములలో వర్ణించి తెచ్చి చూపుదురు. వారి ఇంటి ముంగిటనున్న కొల్లేరు ఆ పద్యములలో కనబడదు. ఛందోదోషము లేదని మెచ్చి పంపుట మనకు అలవాటు. ఆ మెప్పుతోనే వారి సొంత గొంతు లోపల అణగిపోవుచున్నదేమో ఆలోచింపవలెను. వృత్తమును నేర్పుదము, వ్యాకరణమును నేర్పుదము, అందు సందేహము లేదు. దానితోపాటు, నీవు చిన్ననాట ఎవరి మాట విని నిదురించితివని ఒక్కమారు అడుగుదము. వసంతవాడ బాలునికి ఆ ప్రశ్న వేసిన గురువు ఉండెనో లేదో గాని, ఆయన దానికి జీవితమంతయు సమాధానము చెప్పినాడు.