వేటూరి ప్రభాకరశాస్త్రిగారు

పూర్వులు మనకు విడిచిపోయిన సొత్తు రెండు విధములు. గుడులు, కోటలు, గోపురములు అందఱి కంటికిని కనబడునవి. తాళపత్రములలోను రాగిరేకులలోను దాగియున్న వాఙ్మయము చదువనేర్చినవారికి మాత్రమే కనబడునది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో శ్రీకాళహస్తియందు కట్టించిన గాలిగోపురము 2010వ సంవత్సరమున కూలిపోగా, చూచినవారెల్ల కంట తడిపెట్టిరి. కొన్ని యేండ్లలో దానికి మాఱుగా క్రొత్త గోపురము లేచెను. కాని యెవరును చదువని గ్రంథము నశించినచో, అది నశించినదని తెలిసి విచారించువారుకూడ నుండరు. అట్టి సొత్తును వెదకి వెలికిఁదీసి కాపాడిన పండితులలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ముఖ్యులు.

శాస్త్రిగారు 1888వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన కృష్ణాజిల్లా పెదకళ్లేపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి సుందరశాస్త్రిగారు; తల్లి శేషమ్మగారు. బాల్యముననే సంస్కృతాంధ్రములయందు అభిరుచి గలిగి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికి శిష్యులైరి. పిమ్మట మదరాసు చేరి, అచ్చటి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున ఉద్యోగమునఁ బ్రవేశించిరి. వారి జీవితములో పెద్దభాగము ఆ తాటాకుల నడుమనే గడచెను.

తాటాకు గ్రంథమును పరిష్కరించుట సులభమైన పని కాదు. ఆకులు కొన్ని పురుగులు తిన్నవి, కొన్ని అంచులు విఱిగినవి. వ్రాయసగాండ్ర పొరపాటులు అడుగడుగునను గలవు. ఒకే గ్రంథమునకు దొరకిన ప్రతులన్నియు ఎదుట పెట్టుకొని, అక్షరమక్షరము పోల్చి చూడవలెను. శాస్త్రిగారు ఈ శ్రమను విసుగులేక చేసిరి. జనుల నోళ్లలోను చెల్లాచెదరైన వ్రాతలలోను నిలిచియున్న చాటుపద్యములను చేర్చి చాటుపద్యమణిమంజరిగా ప్రకటించిరి. శ్రీనాథుని జీవితమును శోధించి శృంగారశ్రీనాథమును రచించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును పరిష్కరించి విపులమైన పీఠికతో వెలువరించిరి.

ఇంతలో తిరుపతియం దొక గొప్ప కార్యము వారికొఱకు వేచియుండెను.

తిరుమల ఆలయములో భాష్యకారుల సన్నిధి ప్రక్కను ఒక చిన్న రాతి గది కలదు. దానికి సంకీర్తన భండారమని పేరు. పదునైదవ శతాబ్దమున తాళ్లపాక అన్నమాచార్యులు వేంకటేశ్వరునిపై ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించిరని ప్రతీతి. వారి కుమారులు పెదతిరుమలాచార్యుల కాలమున ఆ పాటలు రాగిరేకులపై చెక్కింపబడి ఆ గదిలో భద్రము చేయబడెను. కాలక్రమమున లోకము వానిని మఱచెను. తెలుగు వ్యాకరణము నింగ్లీషున రచించిన క్యాంబెల్ దొర, తిరుపతిలో రాగిరేకులపై ప్రాచీన వ్యాకరణ మున్నదని విని కొన్ని రేకులను పరీక్షింపఁజేసెను. అవి వ్యాకరణము కాక దేవుని స్తోత్రములని తేలెను. 1816లో ముద్రితమైన తన గ్రంథమున ఆ సంగతి వ్రాసి, అతఁడు వానిని విడిచిపెట్టెను. రేకులు కంటఁబడియు నూఱేండ్లు మరల చీఁకటిలోనే యుండిపోయెను.

దేవస్థాన శాసనములను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1922లో ఆ రేకులను తిరుపతికి చేర్పించిరి. అవి రెండువేలకు పైఁబడినవి. ఒక్కొక్క రేకున రెండు ప్రక్కలను గలిపి సుమారు ఆఱు పాటలు చెక్కఁబడియుండెను. మొదటి సంపుటము 1930 తరువాతి సంవత్సరములలో అచ్చయ్యెను. 1939లో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ తిరుపతిలో ఏర్పడఁగా, ప్రభాకరశాస్త్రిగారు అందు చేరి ఈ పనికిఁ బూనుకొనిరి.

రేకులపై మాటకు మాటకు నడుమ ఎడము లేదు. నిఘంటువుల కెక్కని పలుకుబడులు, రాయలసీమ పల్లెల జీవద్భాష పాటలనిండ గలవు. తెలియని మాటను తప్పని తలఁచి దిద్దువాఁడు కవిని చెఱచినవాఁడగును. కావున చదువుటకు పాండిత్యమెంత యవసరమో, చేయి నిలుపుకొను వినయమును అంతే యవసరము. శాస్త్రిగారికి రెండును గలవు. అన్నమాచార్యుల మనుమఁడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రమునుగూడ వారు పరిష్కరించి దీర్ఘమైన పీఠికతోఁ బ్రకటించిరి. అన్నమాచార్యులు 1424లో పదునాఱవ యేట సంకీర్తనరచన ప్రారంభించి, 1503లో ఫాల్గుణ బహుళ ద్వాదశినాఁడు పరమపదించినట్లు రాగిరేకులే తెలుపుచున్నవి. ఆ మహాకవి స్మారకోత్సవములు జరుగుటకును శాస్త్రిగారు పాటుపడిరి.

అయినను ఒక లోటు తీఱలేదు. రేకులపై రాగముల పేళ్లు గలవు గాని స్వరములు లేవు. ఆలస్యమైన నాలుగు శతాబ్దులలో అన్నమాచార్యులు పాడిన మట్టు లోకమునుండి జాఱిపోయెను. పాట మిగిలెను, దాని తొలి బాణీ మిగులలేదు. తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు క్రొత్తగా స్వరములు కూర్చవలసివచ్చెను.

ప్రభాకరశాస్త్రిగారు 1950వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన తిరుపతిలోనే కన్నుమూసిరి. పని ఇంకను మిగిలియుండెను. ఇతర పండితులు దానిని కొనసాగించిరి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పెను. నేఁడు తెలుగునాఁట అన్నమాచార్యుల పాట వినఁబడని యూరు లేదు.

రాతి గది రేకులను దాచెను. వానిని చదివినవారు పాటలను బ్రతికించిరి. మన యూరి గుడిగోడపైని సున్నము క్రింద శాసనమొకటి యుండవచ్చును. మన యింటి అటుకపై తాటాకుల కట్ట యొకటి యుండవచ్చును. దానిని పాఱవేయక ముందు చదువఁగలవారికిఁ జూపుట శాస్త్రిగారి వంటి పెద్దలకు మనము చేయఁదగిన సేవ.